పొట్టి సీమబెండ

విత్తనాల ట్రే కిటికీ దగ్గర పెట్టిన మర్నాటి నుంచే రమణి చెయ్యి ఊరుకోలేదు. వంట మధ్యలో గరిటె పక్కన పెట్టి వచ్చి, గోటితో మట్టి గీకి, విత్తనాన్ని పైకి తీసి చూసి, మళ్ళీ కప్పేది. ఉబ్బిందా, పగిలిందా, తెల్లగా మొలక కొన ఏమైనా కనబడుతోందా అని. కనబడకపోతే కాసిని నీళ్ళు పోసేది. సాయంత్రం ఇంకాసిని పోసేది.

"కోడి కూడా తన గుడ్లను ఇన్నిసార్లు తిప్పి చూడదు," అంది షంసా మేడం, కుర్చీలోంచి లేవకుండానే.

రమణి చెయ్యి వెనక్కి తీసుకుంది. మేడం అటు తిరగ్గానే మళ్ళీ గీకింది.

అది 2007 ఫిబ్రవరి. మైదుకూరు దగ్గర చేమంతి తోటల్లో పెరిగిన రమణి ఒమాన్‌కు వచ్చేటప్పుడు ఉన్నిబట్ట ఒక్కటి కూడా తెచ్చుకోలేదు. ఇప్పుడు సైక్ కొండ మీద, రెండు స్వెట్టర్ల మీద మేడం పాత కోటు తొడుక్కుని అంట్లు తోముతోంది. తెల్లవారి లేచి చూస్తే బకెట్లో నీళ్ళ మీద అద్దంలా మంచు కట్టి ఉండేది.

షంసా మేడం మస్కట్‌లో ఒక పెద్దాసుపత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరైన మనిషి. వయసులో ఉండగా స్కాట్లండ్‌లో నర్సు చదువు చదివింది. అక్కడ ఆమె అద్దెకున్న రాతి ఇంటి ముందు, రకరకాల పూలు ఒకదాని మీద ఒకటి పడుతూ పెరిగే చిన్న తోట ఉండేదట. ఆ తోట మళ్ళీ చూడాలని, ఆ చలి ఒమాన్‌లో ఈ కొండ మీద తప్ప ఎక్కడా దొరకదని, ఇక్కడ ఇల్లు కట్టించుకుంది. ఇల్లు కట్టేటప్పుడే గోడ వెంట హాలీహాక్ అనే ఆ దేశపు పూల మొక్కలు వేయించింది. పొడవు రకం. మనిషిని మించి పెరిగాయి. పూత మొదలైన వారంలోనే కొండగాలి లేచి, కట్టిన కర్రలతో సహా వాటిని విరిచి పడేసింది. అందుకని ఈసారి స్కాట్లండ్‌లో ఉన్న స్నేహితురాలి చేత పొట్టి రకం తెప్పించింది. నడుము దాటి పెరగవు, కర్ర కట్టే పని లేదు. చలికాలంలోనే ఇంట్లో నారు పోస్తే ఆ ఏడే పూయవచ్చు. ఆలస్యమైతే మాత్రం ఆకుతోనే ఏడాది గడిపి, ఇంకో చలికాలం దాటాక పూస్తాయి.

మేడం మోకాళ్ళు వంగవు. కాబట్టి వంగాల్సిన పని అంతా రమణిది.

ఇద్దరి మధ్యా మాట హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు ముక్కల కలగలుపు. మస్కట్‌లో ఉన్నప్పుడు ఆ మాట చాలేది, ఎందుకంటే రమణి అసలు మాటలన్నీ శుక్రవారానికి దాచుకునేది. అప్పుడు మేడం ఇల్లు వాడి కబీర్ అనే పేటలో. రమణి భర్త చెన్నయ్య ఘాలాలో ఒక గ్యారేజీలో మెకానిక్. కంపెనీ క్యాంపులో మొగుడూ పెళ్ళాలకు చోటుండదు గనక వారానికొక్కసారే కలుసుకునేవాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం చెన్నయ్య కంపెనీ బస్సులో రూవీ దాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచి వచ్చేవాడు. స్కూలు మైదానం పక్కన పొట్టి గోడ మీద కూర్చుని రమణి వండి తెచ్చిన క్యారియరు ఇద్దరూ తినేవాళ్ళు. సంసారం అంటే అంతే. అయినా అది సంసారమే.

కొండ మీదికి వస్తే రెండు మూడు నెలలుండి దిగుతామనుకుంది రమణి. మేడం దిగే ఊసే ఎత్తలేదు. కింద చెక్‌పోస్టులో నాలుగు చక్రాలూ లాగే బండినైతేనే పైకి వదులుతారు. అటువంటి బండ్లు చెన్నయ్య రోజూ రిపేరు చేస్తాడు గాని అందులో ఒక్కటీ అతనిది కాదు.

ట్రేలో నారు మొలిచింది. మొలిచిన నాలుగు రోజులకే నారుకుళ్ళు పట్టి, మొదళ్ళు నల్లబడి, దారప్పోగుల్లా వాలిపోయింది. మేడం ట్రే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నీళ్ళు," అంది చివరికి. "నీళ్ళతో చంపావు."

"నీళ్ళు పోస్తే గూడా చస్తాదా చెట్టు," అని రమణి తెలుగులో గొణుక్కుంది. చేమంతి నారుకు రోజూ రెండు పూటలా తడి ఇచ్చిన చెయ్యి అది. దానికి తెలిసిన పద్ధతి అదొక్కటే.

మిగిలిన విత్తనాలు మార్చి చివర్లో వేశారు. ఈసారి మేడం ట్రేను తన పడగ్గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంది. ఆకు విచ్చుకున్నాక రమణికి చూపించింది. గరుకు ఆకు, అంచుల్లో మడతలు. రమణి వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది బెండ జాతే. సీమబెండ," అంది. ఆ ఇంట్లో ఆ మొక్కకు అదే పేరు ఖాయమైంది. మేడం కూడా తనకు నోరు తిరిగినట్టు "సీమబెండా" అనేది.

మే నెలలో తోటలోకి మార్చారు. గోడ కింద రాళ్ళు ఏరించి, పక్క దానిమ్మ తోటలో పనిచేసే ఎహసాన్‌తో మేకల ఎరువు తెప్పించి పోయించారు. ఎహసాన్ పాకిస్తాన్ మనిషి. యజమాని పికప్ వేసుకుని వారానికోసారి కొండ కింది నిజ్వా పట్నానికి దిగి అందరికీ సరుకులు తెచ్చేవాడు. రమణి కొండ దిగడానికి ఉన్న దారి కూడా ఆ పికప్ ఒక్కటే. ఆ బండి చప్పుడు వినబడితే చాలు, చేతిలో ఉన్నది వదిలేసి గేటు దాకా పోయేది. ఎక్కేది లేదు, పెట్టేది లేదు. ఊరికే చూసి వచ్చేది.

జూన్ మొదట్లో గోను తుఫాను వచ్చింది.

కొండ మీద అంత వాన ముసలివాళ్ళు కూడా చూడలేదన్నారు. మెట్లు మెట్లుగా కట్టిన తోటల్లోంచి ఎర్రనీళ్ళు దూకాయి. రమణి ఉన్న డబ్బాలు, గిన్నెలు, చివరికి రొట్టెల పెనం కూడా తెచ్చి మొక్కల మీద బోర్లించింది. ఫోను మూగబోయింది. ఎహసాన్ తడుస్తూ వచ్చి, మస్కట్ నీళ్ళలో ఉందని, ఘాలా వాగు పొంగి బండ్లు కొట్టుకుపోయాయని విన్న మాట చెప్పి పోయాడు. రోడ్డు మధ్యలో తెగిందన్నాడు.

ఆ పూట రమణి అన్నం తినలేదు. ఫోను తీసి చెన్నయ్య నంబరు నొక్కి, చెవికి పెట్టుకుని, తీసి, మళ్ళీ నొక్కింది. వాన తెరిపి ఇచ్చిన ఉదయం చెప్పులు చేత పట్టుకుని గేటు తీసి నడక మొదలుపెట్టింది.

రెండు మలుపులు దాటాక రోడ్డు లేదు. కొండ చరియ విరిగి ఇంటంత రాళ్ళు పడి ఉన్నాయి. అవతల ఏముందో కనబడదు. రాళ్ళెక్కబోయి జారి, మోచెయ్యి గీరుకుపోయి, అక్కడే కూలబడింది. కాసేపటికి వెనక కర్ర చప్పుడు వినబడింది. షంసా మేడం నల్ల అబాయా అంచు బురదలో ఈడ్చుకుంటూ, అడుగడుగుకీ ఆగుతూ వస్తోంది.

"ఎక్కడికి?" అంది దగ్గరికి వచ్చాక.

"ఘాలాకు."

"నడిచా?"

"నడిచే."

మేడం ఆయాసం తీర్చుకుని పక్కన రాతి మీద కూర్చుంది. "నేనూ ఒకసారి ఇలాగే బయలుదేరాను. అక్కడ, మంచులో. ఎవరి కోసమో నీకు చెప్పను." కర్ర కొనకంటిన బురద రాతికి రాసి, "చేరలేదు," అంది.

రమణి ఏడవలేదు. మేడం మోకాలు వాచి గుండ్రంగా కనబడుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత మేడం చెయ్యి తన భుజం మీద వేసుకుని వెనక్కి నడిపించింది. ఇంటికొచ్చాక డబ్బాలు ఎత్తి చూస్తే కొన్ని మొక్కల వేళ్ళు బయటపడి ఉన్నాయి. చీకటి పడేదాకా మట్టి మోసి వేళ్ళకు కప్పింది. ఊరికే కూర్చోలేక చేసిన పని అది.

వారం గడిచాక ఫోను మోగింది. చెన్నయ్య.

"బాగుండా మే. గ్యారేజీ పైకప్పు మీదెక్కి కూర్చున్యాం అందరం. కింద బండ్లన్నీ మునిగిపాయ."

"అన్నం తిన్యావా?" అంది రమణి.

"తింటి. ఇంక జూడు, నీళ్ళు తాగిన బండ్లన్నీ మా మీదనే పడతాయి. శుక్రవారం గూడా డ్యూటీ అంటాండారు."

మనిషి బతికున్నాడు. ఆ రోజు అదే చాలనిపించింది. తర్వాత మాత్రం చాలలేదు. శుక్రవారాల ఫోను చిన్నదైంది. ఎప్పుడు చేసినా వెనక ఏదో ఇంజను రొద. "పనిలో ఉండా, మళ్ళ జేస్తా." మళ్ళీ చేసేవాడు కాదు.

మొక్కలు మాత్రం ఏపుగా కమ్ముకున్నాయి. అన్నీ ఆకులే. ఆగస్టులో ఆకుల అడుగున నారింజ రంగు పొక్కులు కనబడ్డాయి. రమణి చూడగానే గుర్తుపట్టింది. వాళ్ళ ఊళ్ళో శనక్కాయ చేలకు వచ్చే తుప్పు తెగులు లాంటిదే. తెగులు పట్టిన ఆకులన్నీ తుంచి, దూరంగా తీసుకుపోయి కాల్చింది. రోజూ ఉదయం ఆకులు తిరగేసి చూడటం ఒక పనైంది. దానితో ఒక గంట గడిచేది. మిగిలిన గంటలు గడవలేదు.

"పువ్వు ఏది మేడం?"

"వచ్చే ఏడు. ఆలస్యంగా వేశాం కదా."

ఆలస్యం ఎవరి వల్ల అయిందో మేడం అనలేదు. అని ఉంటే రమణికి పోట్లాడటానికైనా వీలుండేది.

సెప్టెంబరులో వాడి కబీర్ నుంచి మల్లీశ్వరి ఫోను చేసింది. ప్రొద్దుటూరు మనిషి, అక్కడ ఇంకో ఇంట్లో పనిచేస్తుంది. ఆ కబురూ ఈ కబురూ చెప్పి, "మీ ఆయన సూర్‌లో ఏం జేస్తాండాడు మేయ్?" అంది. "మా ఇంటి డ్రైవరు చూసినాడంట. పోయిన శుక్రవారమూ, అంతకు ముందరి శుక్రవారమూ. సముద్రం కాడ, ఎవురితోనో నవ్వుకుంటా పోతాన్యాడంట."

రమణి ఫోను పెట్టేసి తోటలోకి వెళ్ళింది. కలుపు తీద్దామని వంగింది. శుక్రవారం డ్యూటీ అన్నాడు. ప్రతి వారమూ అదే మాట. నవ్వుకుంటా. ఎవరితో? చేతికి కలుపు గడ్డి దొరకలేదు, సీమబెండ ఆకుల గుత్తి దొరికింది. పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులా పట్టి, కాలు గోడకు తన్ని లాగింది. లోపల ఎక్కడో తల్లివేరు ఫట్‌మని విరిగి మొక్క చేతిలోకి వచ్చింది. పక్కది లాగింది. దాని పక్కది. చేమంతి తోటలో పూయని మొక్కను ఉంచరు. నీళ్ళు దండగ, నేల దండగ. అలా అనుకుంటూనే లాగుతోంది గాని, లాగేది అందుకు కాదని ఆమెకూ తెలుసు.

తల ఎత్తేసరికి మేడం గుమ్మంలో నిలబడి ఉంది.

"మిగిలినవి కూడా పీకుతావా?" అంది మెల్లగా. "పీకేదైతే నేను లోపలికి పోతాను. చూడలేను."

రమణి చేతిలో విరిగిన వేరు ఉంది. ముల్లంగి అంత లావు, తెల్లగా, జిగురు కారుతూ. గోడ వెంట సగం దాకా గుంటలు పడి ఉన్నాయి. ఆమె మట్టిలోనే కూర్చుని మల్లీశ్వరి అన్న మాటలన్నీ చెప్పింది, ఏ భాషలో చెబుతోందో కూడా చూసుకోకుండా.

మేడానికి ఎంత అర్థమైందో గాని, విన్నాక, "రేపు ఎహసాన్ దిగుతున్నాడు. వెళ్ళి చూసి రా. చూడకుండా నువ్వు ఉండలేవు," అంది. పీకిన మొక్కల గురించి ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

నిజ్వా నుంచి ఒక కూరగాయల బండిలో రమణి ఘాలా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చెన్నయ్య బండి కింద పడుకుని ఉన్నాడు. బయటికొచ్చి పెళ్ళాన్ని చూసి, చేతుల గ్రీజు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. గ్యారేజీ పక్కన మలయాళీల టీ కొట్టులో కూర్చున్నారు.

"యాడికి పోతాండావు శుక్రవారాలు?"

చెన్నయ్య కళ్ళు దించుకోలేదు. "సూర్‌కు," అన్నాడు.

"ఏముండాది సూర్‌లో?"

"పడవ ఇంజన్లు. తుఫానుకు చేపలోళ్ళ ఇంజన్లన్నీ పాడైపాయ. జహీరుద్దీన్ అని మా పాత ఫోర్‌మెన్, ఆడ షాపు పెడతాండాడు. నేను పోయి, ఆయప్పతో సముద్రం కాడ పడవల చుట్టూ తిరుగుతా పని నేర్చుకుంటాండా. కుదిరితే నన్ను ఆడికే తీసుకుంటానన్యాడు. షాపు ఎనకాల రూము గూడా ఉండాది. మనిద్దరికీ సరిపోతాది."

రమణి అతని మొహం చూసింది. అబద్ధం చెప్పే మొహం కాదు. ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధం మోసి మోసి అలసిన మొహం.

"మరి నాకెందుకు జెప్పలే?"

"చెప్తే నువ్వు ఆ పొద్దే మూట కట్టుకోని దిగుతావు." చెన్నయ్య గొంతు తగ్గించాడు. "ఇంకా ఏమీ ఖాయం కాలే. ఆడ అర్బాబు ఊ అనల్ల, నా కాగితాలు మారల్ల. అయిందా, అయిందా అని నువ్వు దినామూ అడుగుతావు. కాకపోతే ఏం జెప్పేది? నాకు భయమాయ మే."

అర్బాబు అంటే షాపు లైసెన్సు ఎవరి పేరున ఉంటుందో ఆ ఒమానీ యజమాని. అతను ఒప్పుకోనిదే ఏదీ కదలదు. అది రమణికీ తెలుసు.

తిట్టడానికే కొండ దిగింది ఆమె. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు నోరు తెరిస్తే నిన్న చేతుల్లో విరిగిన వేరు చప్పుడు వినబడింది. టీ గ్లాసు బల్ల మీద తిప్పింది.

"అయినప్పుడే జెప్పు," అంది చివరికి. "నేనడగను."

"అడగకుండా ఉంటావా నువ్వు?"

"అడుగుతానేమో. అడిగినా నువ్వు జెప్పాకు."

చెన్నయ్య నవ్వాడు. చాలా నెలల తర్వాత ఆ నవ్వు చూసి రమణికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రాత్రికి మల్లీశ్వరి దగ్గర పడుకుని, మర్నాడే నిజ్వాలో ఆగి ఉన్న ఎహసాన్ బండిలో తిరిగి కొండెక్కింది.

గుంటలు పూడ్చి మిగిలిన మొక్కల చుట్టూ మట్టి ఎగదోసింది. ఆమె స్వభావమేమీ మారలేదు. శుక్రవారం ఫోనులో మొదటి మాట "అయిందా?" అనే. చెన్నయ్య మాట తప్పకుండా వాన గురించో, కూర గురించో చెప్పేవాడు. ఆమె ఫోను పెట్టేసి తోట చుట్టూ తిరిగేది, గేటు దాకా పోయి వచ్చేది, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. డిసెంబరులో మంచు పడి ఆకులన్నీ ఉడికించినట్టు వాడి నేలకు అతుక్కుపోయాయి. మధ్యలో పిడికెడు పచ్చదనం మిగిలింది.

"చచ్చినాయి మేడం."

"చావలేదు. ఈ చలి తగలకపోతే పూత రాదు. వదిలెయ్."

వదిలెయ్యడం రమణికి చేతకాదు. అందుకని ఎండుటాకులు ఏరి తెచ్చి చుట్టూ పరిచింది, గాలికి ఎగిరిపోతే మళ్ళీ పరిచింది. మొక్క జోలికి మాత్రం పోలేదు. రోజుకొక్కసారి దగ్గరికెళ్ళి, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని చూసేది.

మార్చిలో ఆ పచ్చదనం మధ్య నుంచి కాడలు లేచాయి. బొటనవేలంత లావు. మే వచ్చేసరికి రమణి నడుము ఎత్తుకు వచ్చి ఆగాయి. ఆకు మొదట్లో ప్రతి చోటా మొగ్గ. అన్నిటికంటే కిందిది ముందు విచ్చింది. ఎండిన రక్తం లాంటి ఎరుపు, మడత మీద మడత. పక్క మొక్కకు వెన్న రంగు. ఆ పక్క దానికి గులాబీ.

ఆ సాయంత్రమే గాలి లేచింది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. రమణి తాడూ కర్రలూ పట్టుకుని రెండుసార్లు గుమ్మం దాకా పోయింది. మేడం వద్దంది. దానిమ్మ కొమ్మలు విరిగిన చప్పుడు వినబడింది. తెల్లవారి చూస్తే సీమబెండ కాడలు కాస్త పక్కకి ఒరిగి, నిలబడే ఉన్నాయి. మేడం కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని, వంగని మోకాలితోనే వంగి ఆ ఎరుపు పువ్వు లోపలికి చూసింది. ఆమె లేవడానికి రమణి చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ వారమే చెన్నయ్య ఫోను చేశాడు. ఈసారి ఆమె అడగకముందే, "అయింది," అన్నాడు. "కాగితాలొచ్చినాయి. షాపు తెరిచినాం. రూముకు సున్నం గూడా కొట్టినా."

రమణి మేడంతో చెప్పడానికి పొద్దంతా తచ్చాడింది. చెప్పాక మేడం, "నువ్వు నా దగ్గర పని మానుకుని పోవడానికి విడుదల కాగితం మీద సంతకం పెడతాను. నా మేనకోడలు వచ్చి ఉంటుంది. వంగే పనికి ఎహసాన్ శుక్రవారాలు వస్తాడు," అంది. అన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్న మనిషిలా అంది. తర్వాత లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

చెన్నయ్య ఎహసాన్ పికప్‌లో పైకి వచ్చాడు. ఆ కొండ ఎక్కడం అతనికి అదే మొదలు. ఎండలో కూడా చలికి చేతులు కట్టుకుని గోడ వెంట నడిచాడు. రమణి ఒక్కో మొక్కా చూపించింది. గుంటలున్న చోటు కూడా చూపించింది.

"ఇంత పువ్వు, వాసన లేదే," అన్నాడు వాసన చూసి.

"ఉండదు."

"జడలో గూడా పెట్టుకోలేరు."

"అంత పువ్వు జడలో ఎవురు పెట్టుకుంటారు? చూసేదానికే."

మేడం ఇద్దరికీ తన చేత్తో టీ పోసి ఇచ్చింది. మేడం ఎదుటి కుర్చీలో రమణి అంతకు ముందెప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుని, సగం తాగి, లేచి, వాడిన పూలు రెండు తుంచి, మళ్ళీ కూర్చుంది. ఎహసాన్ హారన్ కొట్టాడు. మేడం ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, "యల్లా, వెళ్ళు," అంది.

చెక్‌పోస్టు దగ్గర ఫోను మోగింది. "కత్తెర ఎక్కడ పెట్టావు?" మేడం. రమణి చెప్పింది. నిజ్వా కోట కనబడేలోపు మళ్ళీ మోగింది. ఆకు అడుగున ఏదో చుక్క ఉందట, నారింజ రంగా గోధుమ రంగా తెలియడం లేదట, ఎలా చూడాలి అని.

రమణి కిటికీ అద్దం ఎత్తి, ఫోను రెండో చెవికి మార్చుకుని, "వేలితో రుద్ది చూడండి మేడం. రంగు అంటిందా?" అంది.

చెన్నయ్య ఒళ్ళో సంచులు సర్దుకుంటూ ఆమె వైపు చూశాడు. ఆమె అతనికి, ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.